రాతికి చూరు

మా నాయన పలకరాయి చీల్చేవాడు. మార్కాపురం చుట్టుపక్కల గనుల్లో ముప్పయ్యేళ్ళు అదే పని చేశాడు. గనిలోంచి తీసిన బండను తడి ఆరకముందే నిలువుగా ఆనించి, అంచున పల్చటి ఉలి పెట్టి, సుత్తితో కొట్టీ కొట్టనట్టు రెండు దెబ్బలు వేస్తే అరిటాకు చీలినట్టు పొర విడిపోయేది. తడి ఆరితే ఇక పొర మాట వినదు, సగంలో విరుగుతుంది. అందుకే బండల మీద గోనెపట్టలు కప్పి తడుపుతూ ఉండేవాళ్ళు. ఎండాకాలం సెలవుల్లో ఆ గోనెపట్టలు తడపడం నా పని. ఇంటిదగ్గర అమ్మా అక్కా పలకలకు చెక్క బద్దలు బిగించేవాళ్ళు. ఇది చదువుతున్న మీలో నలభై దాటినవాళ్ళుంటే, మీరు అ ఆలు దిద్దింది మా ఊళ్ళ రాతి మీదే అయ్యుండొచ్చు.

ఇప్పుడు నేను చీమకుర్తిలో గ్రానైటు కోసే యూనిట్లో సూపర్‌వైజర్ని. నల్లటి రాయిలో బంగారు రవ్వలు మెరిసే బ్లాక్ గెలాక్సీ రకం మాది. పొద్దున లేచింది మొదలు రాయితోనే. అడవుల్లో, కొండ చరియల్లో బౌద్ధ భిక్షువులు ఉండిపోయిన గుహల గురించి రాయడానికి నాకున్న యోగ్యత ఇంతే. పాళీ రాదు. బ్రాహ్మీ లిపి చదవలేను. రాతి మీద ఉలి ఎటునుంచి ఎటు నడిచిందో మాత్రం చెప్పగలను. అది కూడా నాయన నేర్పిందే.

2009 కార్తీక పున్నమికి ఆయన్ని భైరవకోన తీసుకుపోయాను. అప్పటికే నాలుగు మెట్లెక్కితే ఆయాసం ఆయనకి. కనిగిరి మీదుగా సి.ఎస్.పురం, అక్కణ్ణుంచి అంబవరం కొత్తపల్లి దాటి కోనలోకి. పున్నమి రాత్రి చంద్రుడి వెలుగు దుర్గాంబ మీద పడుతుందని ఆ రోజు జనం విరగబడి వస్తారు. మేమూ అందుకే బయల్దేరాం.

చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. భైరవకోనలో ఎనిమిది శివాలయాలున్నాయి, ఎనిమిదీ కొండను తొలిచి చేసినవే. 7, 8 శతాబ్దాల నాటివని పండితులు చెబుతారు. పల్లవుల పద్ధతి కనబడుతుంది, కొన్ని స్తంభాల అడుగున సింహాలు కూర్చుని ఉంటాయి. పక్కనే జలపాతం. అవి బౌద్ధ గుహలు కావు, శైవులవి. అయినా నేను బౌద్ధ గుహల వెంట పడటం మొదలైంది అక్కడే.

జనమంతా దుర్గమ్మ వైపు వరస కట్టారు. నాయన ఒక గుహలో పక్కగోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. ఆయాసం తీరాక లేస్తాడులే అనుకున్నా. చూస్తే, మూల దగ్గర నునుపు చేయకుండా వదిలేసిన చోట గోడను వేళ్ళ కొసలతో తడుముతున్నాడు.

"ఇట్రా అబ్బోడా. ఇక్కడ చెయ్యి పెట్టు."

పెట్టాను. వడ్లగింజంత పొడుగు గాట్లు, వరసలు వరసలుగా తగిలాయి.

"ఎటు వాలి ఉండాయి?"

"కిందికొచ్చేకొద్దీ కుడికి పోతన్నాయి నాయనా."

"ఆ పై వరస?"

"ఎడమకి."

"పైన కొట్టినోడు కుడిచేతోడు. సుత్తి కుడిచేత్తో పడితే గాటు ఎడమకే జారుద్ది. ఇక్కడ కొట్టినోడు ఎడంచేతోడు. ఒకే మూల ఇద్దర్నీ నిలబెట్టినాడంటే మోచేతులు తగలకుండా ఎంచి పెట్టినాడు. మేస్త్రీ బుర్రగలోడురా."

నేను అంతకుముందు మూడు సార్లు వచ్చాను భైరవకోనకి. దణ్ణం పెట్టాను, జలపాతం కింద తడిశాను, పులిహోర తిన్నాను. ఆ కొండను తొలిచినవాళ్ళలో ఒక ఎడంచేతి వాటం మనిషి ఉన్నాడన్న సంగతి నాకు తట్టనే లేదు.

తర్వాత బయటకొచ్చి గుహ నుదురు వైపు చూస్తూ నిలబడ్డాడు. "వాన పడితే నీళ్ళు యాడికి పోతాయో చూసినావా?" అన్నాడు. కిందికే పోతాయి నాయనా, ఇంకెక్కడికి పోతాయి అన్నాను. కాదన్నాడు. కొండమీంచి జారే నీళ్ళు గుహ అంచుకు రాగానే టక్కున కిందికి దూకవు. రాయిని అంటిపెట్టుకుని బల్లిలాగా లోపలికి పాకుతాయి, కప్పు వెంబడి వచ్చి నడినెత్తిన కారతాయి. దానికి ఒకటే మందు. అంచు దగ్గర రాతిని ముందుకు సాగదీసి కిందికి వంచాలి, లేదా అడ్డంగా ఒక గాడి కొట్టాలి. నీళ్ళు ఆ అంచు దాకా వచ్చి, ఇక పట్టుకోడానికేమీ లేక రాలిపోతాయి. "గుడిసెకు చూరెట్టో రాతికీ అట్టే. చూరు లేందే అది బొరియరా, ఇల్లు గాదు."

చీకటి పడింది. వెన్నెల దుర్గమ్మ మీద పడే వేళకు మేం కూడా వెళ్ళి చూశాం. ఆ వెన్నెల ఎట్లా ఉండిందో ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు. చూరు మాట ఒక్కటే మనసులో ఉండిపోయింది.

ఆ మాట పట్టుకునే చదవడం మొదలుపెట్టాను. ఒంగోలులో పాత పుస్తకాలు, తెలుగులో దొరికిన బౌద్ధ గ్రంథాల అనువాదాలు, తర్వాత ఫోనులో దొరికినవి. చదివేకొద్దీ తెలిసిందేమిటంటే, బౌద్ధ భిక్షువుల ఇళ్ళ కథ మొత్తం వానతోనే ముడిపడి ఉంది. ఎనిమిది తొమ్మిది నెలలు వాళ్ళకు ఇల్లక్కర్లేదు, తిరుగుతూనే ఉంటారు. ఆషాఢ పున్నమి మర్నాటి నుంచి మూడు నెలలు మాత్రం ఒకే చోట ఉండాలి. వర్షావాసం అంటారు దాన్ని. భిక్షువుల నియమాల గ్రంథం వినయ పిటకంలో దాని నియమాలు చదువుతుంటే రాసినవాళ్ళ ముందు నిజంగా తడిసిన మనుషులు నిలబడి ఉన్నట్టు అనిపిస్తుంది. వానాకాలం చెట్టు తొర్రలో గడపకూడదు. చెట్టు కొమ్మల పంగలో గడపకూడదు. ఆరుబయట ఉండకూడదు. గొడుగు కింద ఉండకూడదు. పెద్ద కాగులో దూరి ఉండకూడదు. ఒక్కొక్క నియమం వెనకా అట్లా చేసిన భిక్షువులున్నారు, వాళ్ళను చూసి ఇదేం పద్ధతని ముక్కున వేలేసుకున్న జనమూ ఉన్నారు. కాగులో ముడుచుకుని కూర్చున్న ఆ మనిషిని నేను చాలాసార్లు తలుచుకుంటాను. బయట ముసురు. మోకాళ్ళు గడ్డానికి ఆనుకుని ఉంటాయి. మూత లేని కాగు, పైనుంచి కారుతూనే ఉంటుంది.

ఆ తర్వాత అయిదు రకాల వసతులకు అనుమతి దొరికింది. విహారం, ఒకవైపుకే వాలిన కప్పుతో కట్టే ఇల్లు, మేడ, పైన డాబా ఉన్న ఇల్లు, అయిదోది గుహ. రాజగృహంలో ఒక శ్రేష్ఠి, అంటే పెద్ద వర్తకుడు, ఈ మాట విని ఒక్క రోజులో 60 విహారాలు కట్టించాడని వినయంలోనే ఉంది. కట్టించి, ఇప్పుడు వీటిని ఏం చేయమంటారని అడిగితే బుద్ధుడు, నాలుగు దిక్కుల సంఘానికి, వచ్చినవాళ్ళకూ రాబోయేవాళ్ళకూ ఇమ్మన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

అడవిలో ఉండటానికి వేరే లెక్కుంది. భిక్షువు తనంతట తాను ఎంచుకోగల కఠిన వ్రతాలు పదమూడు, ధుతాంగాలంటారు. చింకి గుడ్డలే కట్టడం, భిక్షాన్నమే తినడం, రోజుకు ఒక్కసారే కూర్చుని తినడం, చెట్టు కింద ఉండటం, శ్మశానంలో ఉండటం, పడుకోకుండా కూర్చునే నిద్రపోవడం, ఇట్లాంటివి. అందులో అడవిలో ఉండటం ఒకటి. ఊరికి ఎంత దూరంగా ఉంటే అడవి? కనీసం 500 విల్లుల దూరం. విల్లు నాలుగు మూరలనుకుంటే ఇంచుమించు కిలోమీటరు. నాకిది చదివినప్పుడు ఆశ్చర్యమేసింది. అడవిలో తపస్సంటే పదామడల అవతల, మనిషి జాడ లేని చోట అని కదా మనమనుకునేది. వీళ్ళకు తెల్లారితే ఊళ్ళోకి భిక్షకు పోవాలి. వండుకోకూడదు, దాచుకోకూడదు. కాబట్టి ఊరు వినబడనంత దూరం, ఆకలైతే నడిచిపోగలిగినంత దగ్గర. ఊరి అన్నం మీద బతికే అడవి అది. మా నాయన పొద్దున్నే సద్ది కట్టుకుని గనికి నడిచిపోయిన దూరం కూడా అంతే ఉండేది.

దీన్ని చూడాలంటే చందవరం పోవాలి. మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కి దొనకొండలో దిగి అక్కణ్ణుంచి పోవచ్చు. గుండ్లకమ్మ ఒడ్డున ఊరు, పక్కనే సింగరకొండ అనే గుట్ట. (సింగరకొండ అనగానే మావాళ్ళంతా అద్దంకి దగ్గరి ఆంజనేయస్వామి కొండ అనుకుంటారు. అది వేరు, ఇది వేరు.) ఈ గుట్ట మీద ఉన్న మహాచైత్యం, అంటే పెద్ద స్తూపం, క్రీ.పూ. 2వ శతాబ్దానికీ క్రీ.శ. 2వ శతాబ్దానికీ మధ్య కట్టింది, సాతవాహనుల కాలం. 1964లో పురావస్తు శాఖకు చెందిన వేలూరి వెంకట కృష్ణశాస్త్రి దీన్ని గుర్తించారు. 1972 నుంచి 1977 దాకా నాలుగు విడతలు తవ్వారు. 15 స్తూపాలు, మొక్కుబడి కోసం కట్టిన చిన్న స్తూపాలు ఇంకో వంద దాకా బయటపడ్డాయి. కాశీ నుంచి కంచికి నడిచిపోయే భిక్షువులకు ఇది మజిలీ అని చెబుతారు.

ఇక్కడ గుహలు లేవు. ఇటుక, రాయి పేర్చి కట్టింది. అయినా ఆ చోటు ఎంచుకున్న తీరు చూస్తే అదే బుద్ధి కనబడుతుంది. గుట్ట మీద స్తూపం పక్కన నిలబడితే కింద ఊళ్ళో కోడి కూత వినబడుతుంది. మనుషుల మాటలు వినబడవు. అయిదొందల విల్లులంటే ఇదేననిపించింది నాకు. నీళ్ళకు గుండ్లకమ్మ ఉంది. నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి, మా మార్కాపురం పక్కగా పోయి ఇక్కడికొస్తుంది. ఇప్పుడు ఎండాకాలం చూస్తే ఇసకే కనిపిస్తుంది గానీ, చెలమ తీస్తే ఊటకేం తక్కువ లేదు.

చందవరం తలుచుకుంటే కడుపు రగిలే సంగతి ఒకటుంది. బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తుల్ని చెక్కిన సున్నపురాతి ఫలకం ఒకటి ఇక్కణ్ణుంచి దొంగలు ఎత్తుకుపోయారు. అది దేశం దాటి, న్యూయార్కులో ఒక వ్యాపారి దగ్గర తేలి, 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి అమ్ముడుపోయింది. అది చందవరందేనని తేలాక 2016లో ఆస్ట్రేలియా దాన్ని మన దేశానికి తిరిగి ఇచ్చేసింది. తిరిగొచ్చినందుకు సంతోషమే. కానీ పదిహేడు పద్దెనిమిది వందల ఏళ్ళ కిందట ఒక మనిషి రోజుల తరబడి కూర్చుని చెక్కిన రాయి అది, కాపలా లేక ట్రక్కులో గడ్డి కింద పోయిందో, గోనెపట్టలో చుట్టుకుని పోయిందో. రాయి మోసేవాణ్ణి కాబట్టి చెబుతున్నా, అంతంత రాళ్ళు ఒక్కడివల్ల లేవవు. నలుగురు పట్టాలి. ఆ నలుగురిలో ఒక్కడికైనా చేతులు రాకుండా పోయుంటే బాగుండేది.

2018లో శ్రీలంక పోయాను. మా బావమరిది కొలంబోలో భవనాల పనిలో ఉండేవాడు, రమ్మని రెండేళ్ళుగా పోరుతుంటే చివరికి కదిలాను. మనకూ వాళ్ళకూ రాకపోకలు కొత్తవేం కావు. మన నాగార్జునకొండలో 3వ శతాబ్దంలోనే సింహళ విహారం అని ఒకటుంది, బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో దాని పేరు వస్తుంది. బావమరిది నన్ను అనూరాధపురం తీసుకుపోయి పెద్ద పెద్ద స్తూపాలు చూపించాడు. మంచివే. కానీ నేను పోయింది మిహింతలె కోసం. అక్కడికి తూర్పుగా పదిపన్నెండు కిలోమీటర్లు.

అశోకుడి కొడుకు మహేంద్రుడు మొదట కాలు పెట్టిన కొండగా సింహళీయులు దాన్ని కొలుస్తారు. 1840 మెట్లున్నాయి. అందరూ మెట్లెక్కి పైకి పోతుంటే మేం పక్కకు తిరిగి బండల మధ్యకు పోయాం. దేవానాంపియ తిస్స మహారాజు భిక్షువుల కోసం 68 గుహలు సిద్ధం చేయించాడని సింహళీయుల పాత చరిత్ర గ్రంథం మహావంశంలో ఉంది. గుహలంటే మన భైరవకోనలా లోపలికి తొలిచినవి కావు. ఏనుగులు పడుకున్నట్టు పెద్ద పెద్ద గుండ్లు, వాటి కింద సహజంగా ఉన్న ఖాళీలు. ముందు ఒక గోడ కట్టుకుంటే గది. విగ్రహం లేదు, స్తంభం లేదు, పువ్వు లేదు. మామూలుగా పోయేవాళ్ళకు అక్కడ చూడ్డానికేం లేదు.

నేను తలెత్తి గుండు నుదురు చూశాను. ఉంది. ఈ చివర నుంచి ఆ చివరకు, కనుబొమ్మ గీసినట్టు, ఒకే ఒక్క గీత. జానెడు లోతున రాతిని కొట్టేసి, పై పెదవిని కిందికి వాలేట్టు వదిలారు. గుండు వంపు ఎట్లా తిరిగితే గీతా అట్లాగే తిరిగింది. నీళ్ళు దానిదాకా వచ్చి ఆగి రాలిపోవాలి. సింహళంలో దాన్ని కటారం అంటారట. నాకు మాత్రం మా నాయన మాటే నోటికొచ్చింది. చూరు.

ఆ గీత కిందే బ్రాహ్మీ అక్షరాలు. అక్కడే ఎందుకు చెక్కారో రాతిపనివాడికి చెప్పక్కర్లేదు. కొండ మొత్తంలో వాన తగలని చోటు అదొక్కటే. రెండువేల ఏళ్ళు దాటినా అక్షరం అంచు చెదరలేదు. పక్కనున్న పెద్దాయన ఎవరో ఇంగ్లీషులో చెబుతుంటే బావమరిది నాకు తెలుగులో చెప్పాడు. ఫలానావారి గుహ, నాలుగు దిక్కుల సంఘానికి, వచ్చినవాళ్ళకూ రానివాళ్ళకూ ఇచ్చింది. రాజగృహం శ్రేష్ఠికి బుద్ధుడు చెప్పిన మాటే! సముద్రం దాటొచ్చి ఒక గుండు కింద, చూరు నీడన కూర్చుంది. ఆ దేశంలో ఇట్లాంటి గుహ శాసనాలు వందలకొద్దీ ఉన్నాయట, దాదాపు అన్నిటా ఇదే వాక్యం. ఇంకా పుట్టని భిక్షువుకి కూడా ఇల్లు రాసిచ్చేశారు. మాకు రిజిస్ట్రారు ఆఫీసులో కళ్ళముందున్న వారసుల పేర్లు ఎక్కించడానికే ఏడాది పట్టింది.

రిటిగల కూడా చూశాం గానీ అక్కడ వాన పట్టుకుంది, పెద్దగా తిరగలేదు. అడవిలో రాతి బాటలు, జంటగా కట్టిన అరుగులు, ధ్యానంలో నడవడానికి వేసిన దారులు. చింకిగుడ్డల వ్రతం పట్టిన భిక్షువుల ఆవాసం అది. బుద్ధుడి బొమ్మ లేదు, స్తూపం లేదు. రాళ్ళు ఎంత బిగువుగా అతికారంటే సందులో గోరు దూరదు. ఆ అతుకు చూసి మా బావమరిది, రోజూ సిమెంటు పని చేయించే మనిషి, కాసేపు మాట్లాడలేదు.

మన దగ్గర గుంటుపల్లి ఉంది, కామవరపుకోట మండలంలో. జీలకర్రగూడెం గుహలంటే అక్కడి వాళ్ళు చెబుతారు. అక్కడి గుండ్రటి చైత్య గుహ గురించి ఒక్కమాట చెప్పి పోతాను. లోపల నడుమ స్తూపం, దాన్ని ఊరివాళ్ళు ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు. పైకి చూస్తే కప్పుకి వాసాలు! గుడిసె కప్పులో వెదురు వాసాలు ఎట్లా నడుమకొచ్చి కలుస్తాయో అట్లా రాతిలో చెక్కారు. ఆ వాసాలు ఏమీ మొయ్యవు, కొండ తన్ను తాను మోసుకుంటుంది. అయినా చెక్కారు. పూరిపాకలో ఉన్న మనిషి గుహలోకి మారుతూ తన కప్పుని కూడా తెచ్చుకున్నట్టుంది. నాకది చూస్తే మా అమ్మ గుర్తొచ్చింది. డాబా ఇల్లు కట్టుకున్నాక కూడా పాత పూరింటి గడప చెక్కను పారేయనివ్వలేదు, దేవుడి గూట్లో పెట్టించింది.

ఇక దుమ్ము సంగతి. ఇది రాయాలా వద్దా అని చాలారోజులు ఆగాను.

నాయనకి వచ్చింది సిలికోసిస్. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని గట్టిపడిపోతుంది. మందు లేదు. పలకలు చీల్చేచోట, బలపాలు కోసేచోట తెల్లటి పొడి పొగలాగా లేచేది. మేం ఆడుకుని ఇంటికొస్తే కనురెప్పలు తెల్లగా ఉండేవి. గని యజమాని ముక్కుకి గుడ్డ కట్టుకోండి అనడమే, అది కూడా తనిఖీవాళ్ళు వచ్చిన రోజు. ఆయన పేరు గానీ గని పేరు గానీ రాయను, ఆయనా పోయాడు. 2012లో నాయన పోయాడు. ఆఖరి నెలల్లో పడుకోలేకపోయేవాడు, మంచం మీద ఎత్తు పెట్టుకుని రాత్రంతా కూర్చునే ఉండేవాడు. ధుతాంగాల్లో పడుకోకుండా కూర్చుని నిద్రపోయే వ్రతం గురించి నేను చదివింది ఆ తర్వాత. ఆ పేజీ దాటి ముందుకు పోలేకపోయాను ఆ రోజు.

ఇప్పుడు మా యూనిట్లో వజ్రాల తీగ రంపం తిరుగుతున్నంతసేపూ నీళ్ళు పోస్తూనే ఉంటాం. రంపం వేడెక్కకుండానే కాదు, దుమ్ము లేవకుండా కూడా. మాస్కు లేనివాణ్ణి లోపలికి రానివ్వను, ఈ విషయంలో నాతో చాలామందికి గొడవలయ్యాయి. మరి కొండలోపల, గాలాడని గదిలో, నూనె దీపం పెట్టుకుని, ముఖం ఎత్తి కప్పు చెక్కినవాడి మాటేమిటి? కప్పు చెక్కేటప్పుడు పొడంతా కళ్ళల్లోకీ నోట్లోకీ రాలుతుంది. ఆ వాసాలు చెక్కినవాడు ఎన్నేళ్ళు బతికాడు? గుహల గురించి ఎవరు రాసినా రాజు పేరు, దానం చేసినవారి పేరు, అందులో ఉన్న భిక్షువు పేరు చెబుతారు. చెక్కినవాడి దగ్గు వినబడదు.

అందుకే ఆ ఒక్క పేరు దొరికిన రోజు నాకు పండగైంది. జగ్గయ్యపేట స్తూపం దగ్గర ఆయక స్తంభాల మీద, అంటే స్తూపం దిక్కుల్లో నిలిపే రాతి స్తంభాల మీద, శాసనం ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ ఏట వేయించింది. మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర అయిదు స్తంభాలు నిలబెట్టి దానమిచ్చినవాడి పేరు సిద్ధార్థుడు. రాజు కాదు, శ్రేష్ఠి కాదు. ఆవేసని, అంటే పనివాడు, శిల్పి. వాళ్ళ నాన్న నాకచందుడు కూడా శిల్పే. అమ్మ పేరు, భార్య పేరు, పిల్లల పేర్లు కూడా చెక్కించుకున్నాడు. వాళ్ళది కమ్మకరాష్ట్రంలోని నడతూరు. కమ్మకరాష్ట్రమంటే మన గుండ్లకమ్మ పారే సీమే. తండ్రీ కొడుకులిద్దరూ రాతిపనివాళ్ళు, మా ఏటి నీళ్ళు తాగినవాళ్ళు, పదిహేడు వందల ఏళ్ళ కిందట. ఆ శాసనం గురించి చదివిన రాత్రి మా అక్కకి ఫోన్ చేసి చెప్పాను. "నాయనకి చెప్పుంటే ఎంత సంబరపడేవాడో" అంది. తర్వాత ఇద్దరం చాలాసేపు ఏం మాట్లాడకుండా ఫోను పట్టుకునే ఉన్నాం.

పోయిన శ్రావణంలో మళ్ళీ భైరవకోన పోయాను, ఒక్కణ్ణే. పున్నమి కాదు, పండగ కాదు, జనం లేరు. సి.ఎస్.పురం దాటేసరికి వాన మొదలైంది, కోనలోకి చేరేసరికి కుండపోత. నాయన కూర్చున్న గుహలోకే పోయి నిలబడ్డాను. ముందు మూల తడిమాను. ఎడంచేతివాడి వరస ఉంది, కుడిచేతివాడి వరస ఉంది.

తర్వాత బయట అంచుకొచ్చి చూశాను. కొండమీంచి నీళ్ళు ఎర్రగా జారుతున్నాయి. చూరు దాకా వచ్చి, ఒక్క చుక్కయినా లోపలికి పాకకుండా, పూసల తెరలాగా ముందు రాలుతున్నాయి. నా కాళ్ళ దగ్గర పొడిగా ఉంది. మూరెడు అవతల నేలరాతి మీద చినుకులు పడే చోట చిన్న చిన్న గుంటలు, ఒకే వరసలో, కొన్ని పెసరగింజంత, కొన్ని రేగుపండంత. వాన తగ్గాక వంగి ఒక గుంటలోని నీళ్ళు తీసేసి చిటికెనవేలు పెట్టాను. మొదటి కణుపు దాకా దిగింది.